తిరిగి రాని గొట్టాలు

ఎవరి చేతికైనా పాత జంట గొట్టాల తుపాకీ ఇచ్చి చూడండి. ముందు పక్క పలక మీద చెక్కిన దుకాణం పేరు చదువుతారు. తర్వాత తూటాను కొట్టడానికి పైకి నిక్కి ఉండే రెండు గుర్రాలనూ బొటనవేలితో వెనక్కి లాగి, అవి టక్కుమని ఆగే చప్పుడు విని తలాడిస్తారు. ఆ తర్వాత భుజానికి ఆనించి, కప్పు మూలకు గురిపెట్టి, లేని పిట్టను కొడతారు. ఓలివ్ టాంక్స్ ఇవేవీ చేసేది కాదు. తుపాకీ చేతికి రాగానే గొట్టాల కింద ఉండే చెక్కను ఊడదీసి, గొట్టాలను విడిగా తీసి, చేపను కోయబోయేదానిలా వెల్లకిలా తిప్పి, చేతిసంచీలోంచి భూతద్దం తీసేది. వేలంపాటల్లో ఆవిడను చూసి నవ్వుకోనివాడు లేడు. బర్మింగ్‌హామ్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషికి జనం నవ్వులు ఒక లెక్కా? నవ్వితే నవ్వనీ అనుకునేది.

ఆవిడ వెతికేది రెండక్షరాలు. జె ఒకటి, హెచ్ ఒకటి. రెంటికీ మధ్య గోటితో గిచ్చినంత అడ్డగీత. అన్నీ కలిపినా గోధుమ గింజంత ఉండవు. అది ఆవిడ ముత్తాత జాబెజ్ హిప్‌కిస్ గుర్తు.

జాబెజ్ గొట్టాలు చేసేవాడు. ఆ కాలంలో ఒక్క తుపాకీ తయారవ్వాలంటే పాతికమంది చేతులు పడాలి. గుర్రాలు ఒకడు, చెక్క ఒకడు, మీటలు ఒకడు, నగిషీ ఒకడు. అందరూ లవ్‌డే వీధి వెనక ఇరుకు పెరళ్ళలోనే ఉండేవాళ్ళు, ఒకడి సుత్తి చప్పుడు ఇంకొకడికి వినపడేంత దగ్గరగా. పనంతా బర్మింగ్‌హామ్ పెరళ్ళలో జరిగేది, పలక మీద పేరు మాత్రం లండన్ దుకాణానిది పడేది. చేసినవాళ్ళు తమ పొడి అక్షరాలను చెక్క కింద, ఎవరూ చూడని చోట కొట్టుకునేవాళ్ళు. గొప్ప కోసం కాదు. గొట్టం పగిలితే ఎవడిదో తెలియాలిగా, అందుకు.

పగలడం అంటే పరీక్షలో పగలడం. కాలువ పక్కన ఎర్ర ఇటుకల పరీక్షాశాల ఉంది. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ప్రతి జత గొట్టాలనూ అక్కడికి పంపాలి. మామూలుగా వేసేదానికంటే బాగా ఎక్కువ మందు కూరి, దూరంనుంచి తాడు లాగి పేలుస్తారు. నిలబడితే ముద్ర కొడతారు. నిలబడకపోతే, ఆ చీలిన గొట్టాలను బండిలో వేసుకొచ్చి చేసినవాడి గుమ్మం ముందే పడేసేవారు. వీధి వీధంతా తలుపుల్లోకి వచ్చి చూసేది. రెండు వారాల పనీ పోయేది, పరువూ పోయేది.

జాబెజ్ ముసలితనంలో పదే పదే ఒక్క మాటే అనేవాడట. "నావి ఒక్కటీ తిరిగి రాలేదు." అదేమీ చిన్న మాట కాదు. ఆ వీధిలో అలా అనగలిగినవాడు ఇంకొకడు లేడు. ఇనుప పట్టీలనూ ఉక్కు పట్టీలనూ కలిపి, జడలా పురిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, ఎర్రగా కాలుతుండగా సుత్తితో అతికి గొట్టం చేసేవాడు. తీరా పని చేతికి బాగా పట్టిన వయసులో ఫ్యాక్టరీలో పోతపోసిన ఉక్కు గొట్టాలు వచ్చాయి. పురి గొట్టాలు ఎప్పుడో ఒకప్పుడు చేతుల్లోనే పేలతాయని ఎవడో అన్నాడు, అందరూ నమ్మారు. జాబెజ్ చివరి పన్నెండేళ్ళూ నిచ్చెన భుజాన వేసుకుని వీధి దీపాలు వెలిగించాడు. కొడుక్కి ఇల్లు ఇవ్వలేదు, పొలం ఇవ్వలేదు, ఆ ఒక్క మాట ఇచ్చాడు. కొడుకు మనవడికిచ్చాడు. మనవడు హెర్బర్ట్, ట్రాముల షెడ్డులో ఫిట్టరు, తన ఒక్కగానొక్క కూతురు ఓలివ్‌కిచ్చాడు.

హెర్బర్ట్ ఇంకొకటి కూడా ఇచ్చాడు. నల్ల అట్ట పుస్తకం. ఆదివారాలు కూతురి చెయ్యి పట్టుకుని ఆ పెరళ్ళన్నీ తిరిగి, ఇంకా బతికున్న ముసలివాళ్ళ దగ్గర కూర్చుని, ఎవరి గుమ్మం ఏది, ఎవరి పని ఏది, ఎవరి గుర్తు ఏది అని పెన్సిలుతో రాసుకున్న పుస్తకం అది. తర్వాత కొత్త రోడ్డు కోసం పెరళ్ళన్నీ కూల్చేశారు. ఓలివ్ ఎక్కిన బస్సు ఆ రోడ్డు మీదే తిరిగేది. జాబెజ్ కొలిమి ఉండే చోట ఇప్పుడు బళ్ళు ఆ రోడ్డు మీదికెక్కే ఏటవాలు దారి ఉంది. అక్కడికి రాగానే ఆవిడ టికెట్లు కొట్టడం ఆపి ఒక్క క్షణం నిలబడేది. ఎందుకో ప్రయాణికులకు తెలీదు, అడగనూ లేదు.

ముప్ఫై ఏళ్ళలో ఆవిడకు జాబెజ్ గొట్టాలున్న తుపాకులు నాలుగు దొరికాయి. మొదటిది దొరికినప్పుడు మొగుడు ఆల్ఫ్ ఒక ఘనకార్యం చేశాడు. ఆవిడ పుట్టినరోజని, గొట్టాల మీద గోధుమరంగు మకిలి పేరుకుందని, ఇనుప పీచుతో తోమి తోమి అద్దంలా తళతళలాడించి బల్ల మీద పెట్టాడు. ఆ మకిలే అందం అని ఆ అమాయకుడికి ఏం తెలుసు? దాన్ని తుప్పు పట్టించి, ఉడికించి, మళ్ళీ తుప్పు పట్టించి తెచ్చిన రంగులోనే పురి తీరంతా కనిపిస్తుంది. అది పోతే గొట్టం ఉత్త పైపు. ఓలివ్ పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజున ఆ రంగు ఎలా తేవాలో నేర్పే మనిషిని వెతికి, ఆల్ఫ్‌ను ఆయన దగ్గర కూర్చోబెట్టింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల నాలుగు జిల్లాల్లో పురి గొట్టాలకు రంగు ఎక్కించడంలో ఆల్ఫ్‌ను మించినవాడు లేడు.

"తప్పు చేసి పేరు తెచ్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే," అనేవాడు ఆల్ఫ్ వచ్చినవాళ్ళతో.

"పేరు నీది, పదకొండు రోజుల వంట కూడా నీదే, అది చెప్పవేం?" అనేది ఓలివ్.

ఏటా సెప్టెంబరులో ష్రాప్‌షైర్ కొండల్లో ఒక రైతు పొలంలో గుర్రాల తుపాకులవాళ్ళంతా కలుస్తారు. ముతక ఉన్ని కోట్లు, టోపీలు, బుట్టల్లో పంది మాంసం కూరి కాల్చిన పైలు, ఫ్లాస్కుల్లో టీ. యంత్రం మట్టి పిట్టలను, అంటే గుండ్రని మట్టి బిళ్ళలను, గాల్లోకి విసురుతుంది, ఒక్కొక్కరు ముందుకొచ్చి జతకు జత కొడతారు. ఆ పోటీలో ఒక ఆచారం ఉంది. మనిషి పేరు చదవరు, తుపాకీ పేరు చదువుతారు. నిర్వాహకుడు ఇత్తడి బాకా నోటి దగ్గర పెట్టుకుని, పలక మీద ఉన్న పేరూ సంవత్సరమూ అరుస్తాడు, అప్పుడు ఆ తుపాకీవాడు ముందుకొస్తాడు. పద్నాలుగేళ్ళుగా ఆ బాకా లయనెల్ ఫాన్‌షా చేతిలో ఉంది. రిటైరైన లాయరు, పెద్దమనిషి, తలుపు దగ్గర ఆడవాళ్ళకు ముందు దారిచ్చే మనిషి. ఓలివ్ ఏటా అడిగేది, జాబెజ్ హిప్‌కిస్ అని చదవమని. ఆయన ఏటా చిరునవ్వుతో అదే జవాబు చెప్పేవాడు.

"పలక మీద ఉన్నదే చదవాలి, మిసెస్ టాంక్స్. నియమం. నేను పెట్టింది కాదు."

నియమం నిజంగానే ఆయన పెట్టింది కాదు. కానీ పట్టుకు వేలాడింది మాత్రం ఆయనే.

ఇక అయిదో తుపాకీ సంగతి. పంతొమ్మిది వందల తొంభై నాలుగు వసంతంలో లడ్‌లో అనే ఊళ్ళో జరిగిన వేలంలో దొరికింది. గొట్టాల మధ్య పట్టీ మీద బంగారంతో రెండు అని అంకె. అంటే జంటగా చేసిన తుపాకుల్లో రెండోది. పలక మీద 'పెట్టిఫర్ అండ్ సన్స్, లండన్'. ఎడమ గొట్టం మీద ఎప్పుడో నొక్కుకుపోతే ఎవడో లేపి సరిచేసిన మచ్చ. రంగు వెలిసిపోయి ఉంది. మిగతావాళ్ళు అందుకే వదిలేశారు. ఓలివ్ దాన్ని వెల్లకిలా తిప్పి భూతద్దం పెట్టగానే, మోచెయ్యి తగిలించి పక్కాయన టీ కప్పు ఒలకబోసింది. జె, అడ్డగీత, హెచ్. ఇంటికి తెచ్చి సబ్బునీళ్ళతో మెల్లగా తుడిచి కిటికీ వెలుగులో పట్టుకుంటే పురి లీలగా కనిపించింది. మిగతా నాలుగింటికంటే సన్నని పురి. జాబెజ్ చేతిపని ఇంతకంటే మిన్నగా ఉన్నది ఇంకొకటి ఉండదని ఆవిడకు అప్పుడే అర్థమైంది.

నెల తిరగకుండా లయనెల్ ఫాన్‌షా పూలగుత్తి పట్టుకుని వాళ్ళింటికి టీకి వచ్చాడు. పెట్టిఫర్ ఒకటో నంబరు ఆయన దగ్గరుంది. తాతలనాటిది. రెండోది ఎక్కడుందా అని నలభై ఏళ్ళుగా వెతుకుతున్నాడు.

"మీరేమడిగితే అదిస్తాను," అన్నాడు రెండో కేకు ముక్క తీసుకుంటూ. "జంటను కలపాలని నా ఆశ. అంతే."

"కలిపి ఏం చేస్తారు?" అంది ఓలివ్.

"కాలుస్తాను. ఒకదాని తర్వాత ఒకటి, పాతకాలంలోలా. ముందు దీనికి ఉక్కు గొట్టాలు వేయించాలనుకోండి. ఒకటోదానికి మా నాన్న అప్పట్లోనే వేయించేశారు."

"మరి దీని గొట్టాలు?"

ఫాన్‌షా చెంచా కింద పెట్టాడు. "మీ మనసు నొప్పించాలని కాదు. చూడ్డానికి చాలా బాగుంటాయి. కానీ పురి గొట్టాలు గోడకు వేలాడదీసుకునేవి, మిసెస్ టాంక్స్. మా ఆవిడ వీటితో చదువుకునే బల్ల మీదికి ఒక లైటు చేయించాలంటోంది."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆల్ఫ్ మెల్లగా టీ కెటిల్ కింద పెట్టేశాడు. పెళ్ళాం మెడ మీద ఎరుపెక్కడం ఆయన వెనకనుంచే చూశాడు.

"లైటా?" అంది ఓలివ్. "మా ముత్తాత పన్నెండేళ్ళు లైట్లు వెలిగించాడు, మిస్టర్ ఫాన్‌షా. మా ఇంటికి ఆ వెలుగు చాలు."

"అయ్యో, నేనన్నది..."

"మీరన్నది నాకు అర్థమైంది. ఇవి పేలతాయంటారు, అంతేగా? పొగలేచే పాత తుపాకీమందుకు నూట ఇరవై ఏళ్ళ కిందటే నిలబడ్డాయి. ఇప్పటి మందుకు పరీక్ష పెట్టిస్తాను. దానికీ నిలబడితే, సెప్టెంబరులో బాకాలో మా ముత్తాత పేరు చదువుతారా?"

ఫాన్‌షా ముఖంలో నిజంగానే కంగారు కనిపించింది. తుపాకులంటే ప్రాణం పెట్టే మనిషి, అందులో అనుమానం లేదు. "దయచేసి ఆ పని చెయ్యకండి. ఎడమదాని మీద ఆ మచ్చ చూశారుగా? పరీక్షలో ఏమాత్రం ఉబ్బినా పాత ముద్ర కూడా చెరిపేస్తారు, ఇక పనికిరాదని. పగిలితే అసలుకే పోతుంది. నాకూ ఉండదు, మీకూ ఉండదు."

"చదువుతారా, చదవరా?"

"ముందు నిలబడనివ్వండి. చూద్దాం."

ఇంగ్లీషువాడు చూద్దాం అంటే దాన్ని ఏ పెట్టెలో పెట్టి తాళం వేసుకోవాలో వాళ్ళల్లో పుట్టి పెరిగినవాళ్ళకు కూడా తెలీదు. ఓలివ్ ఆ మాటనే పట్టుకుంది.

ఆయన వెళ్ళిపోయాక ఆల్ఫ్ కప్పులు కడుగుతూ అన్నాడు. "ఓలివ్, కోపం వచ్చింది, అన్నావ్. సరే. ఇప్పుడు కూర్చుని ఆలోచించు. 'ఒక్కటీ తిరిగి రాలేదు' అన్న మాట ఇన్నేళ్ళుగా నిలబడింది. ఎవడూ అడగలేదు, ఎవడూ కాదనలేదు. దాన్ని తీసుకెళ్ళి నిప్పులో పెట్టడం ఎందుకు?"

"ఎవడూ అడగలేదు కాబట్టే పెట్టాలి. అడగని మాట నిలబడ్డట్టెలా అవుతుంది ఆల్ఫ్?"

"పగిలితే?"

ఓలివ్ గుడ్డ అందుకుని కప్పులు తుడవడం మొదలుపెట్టింది. పగిలితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. ఆ మాట ఆవిడ చేతుల్లోనే చచ్చిపోతుంది. నాన్న నమ్మిన మాట, తాత నమ్మిన మాట, ముసలి జాబెజ్ చలిలో నిచ్చెన ఎక్కుతూ నమ్మిన మాట. దానికి ఆఖరి వారసురాలు తను. పిల్లలు లేరు. తర్వాత దాన్ని అడిగేవాళ్ళూ లేరు, నిలబెట్టేవాళ్ళూ లేరు. అందుకే ఇప్పుడే తేల్చుకోవాలనిపించింది.

తుపాకులు బాగుచేసే రెజ్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన కొలత పరికరంతో గొట్టం గోడ మందం అంగుళం అంగుళం కొలిచి, మచ్చ దగ్గర ఆగిపోయాడు.

"ఇక్కడ పలచన అక్కా. మిగతాదంతా రాయి. ఇక్కడ మాత్రం..." అని పెదవి విరిచాడు.

"నిలబడుతుందా?"

"నాదైతే పంపను."

"నీది కాదుగా," అంది ఓలివ్, గొట్టాలను గుడ్డలో చుట్టుకుంటూ.

మర్నాడు పొద్దున ఆవిడే స్వయంగా, బస్సెక్కి, సంచీని ఒళ్ళో పెట్టుకుని పరీక్షాశాలకు వెళ్ళింది. ఆల్ఫ్ కూడా వచ్చాడు, రావద్దన్నా. కౌంటరు దగ్గర కుర్చీలో ఉన్న గుమాస్తా ఒక కాగితం ముందుకు జరిపాడు. పరీక్షలో పాడైతే బాధ్యత తమది కాదు, పరీక్ష తప్పిన గొట్టాల మీది పాత ముద్ర చెరిపివేయబడును అని ఉంది. ఓలివ్ సంతకం పెట్టింది. జీవితంలో అంత నెమ్మదిగా ఎప్పుడూ సంతకం పెట్టలేదు.

"మూడు వారాలు పడుతుందమ్మా. పాసైతే ఫోన్ చేస్తాం, వచ్చి తీసుకెళ్ళాలి. కాకపోతే పోస్టులో ఉత్తరం వస్తుంది."

బయటికొచ్చి కాలువ గట్టు మీద నిలబడ్డారు. మందపాటి గోడల వెనకనుంచి ధడ్ మని ఒక చప్పుడు వచ్చింది. కాసేపాగి ఇంకొకటి. ఓలివ్ ప్రతి చప్పుడుకూ కళ్ళు మూసుకుంటోంది.

"మనది ఇవాళ పేల్చరు. మూడు వారాలన్నాడుగా," అన్నాడు ఆల్ఫ్.

"తెలుసు."

"మరి?"

"ఎవరిదో ఒకరిదేగా. పాపం."

ఆ తర్వాతి రోజులు చెప్పక్కర్లేదు. వాళ్ళ తలుపుకు ఇత్తడి రేకు వేసిన ఉత్తరాల సందు ఉంది. పొద్దున ఎనిమిదింటికి పోస్టుమాన్ అందులోంచి ఉత్తరాలు తోస్తాడు, అవి చాప మీద పడతాయి. ముప్ఫై ఏళ్ళుగా ఓలివ్ ఆ చప్పుడు విననైనా వినలేదు. ఇప్పుడు ఆ రేకు కదిలితే చాలు, చేతిలో ఉన్నది జారిపోయేది. జాబెజ్ కాలంలో పగిలిన గొట్టాలను గుమ్మం ముందు పడేసేవారు. ఇప్పుడు గుమ్మంలోంచి ఉత్తరం పడేస్తారు, అంతే తేడా. ఆల్ఫ్ మెల్లగా పొద్దున్నే లేచి, తనే ముందు వెళ్ళి ఉత్తరాలు తీసుకోవడం మొదలుపెట్టాడు. కరెంటు బిల్లును కూడా వెలుగులో పెట్టి చూసేవాడు.

పంతొమ్మిదో రోజున వచ్చింది. గోధుమరంగు కవరు, మూలన పరీక్షాశాల ముద్ర. ఆల్ఫ్ దాన్ని చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఓలివ్ స్టవ్ ఆపింది, చేతులు తుడుచుకుంది, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చదువు," అంది.

ఆల్ఫ్ కళ్ళజోడు వెతుక్కున్నాడు. అది నెత్తి మీదే ఉంది. చించాడు, చదివాడు, మళ్ళీ చదివాడు.

"రెండో పేజీలో నువ్వు సంతకం పెట్టలేదట. మళ్ళీ పెట్టి పంపమంటున్నారు."

ఓలివ్ కుర్చీలోంచి లేచి ఆ కాగితం లాక్కుని దానితోనే ఆల్ఫ్ వీపు మీద నాలుగు తగిలించింది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

ఫోన్ ఇంకో ఆరు రోజులకు మోగింది. అవతల గుమాస్తా కాదు, పెద్ద వయసు గొంతు. పేలుడు గదిలో పనిచేసే మనిషినన్నాడు.

"మీవి వచ్చి తీసుకెళ్ళవచ్చమ్మా."

"తీసుకెళ్ళడం అంటే?" అంది ఓలివ్. "ముక్కలా?"

"ముక్కలేంటమ్మా! పాసయ్యాయి. పేల్చకముందు కొలిచాం, పేల్చాక కొలిచాం. వెంట్రుకవాసి తేడా లేదు. ఆ మచ్చ దగ్గర కూడా. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ గదిలో ఉన్నా, ఆ వయసు గొట్టాలు ఇలా నిలబడటం నేను చాలా తక్కువ చూశా. కింద జె హెచ్ అని ఉంది. ఎవరో తెలుసా మీకు?"

"తెలుసు," అంది ఓలివ్. "జాబెజ్ హిప్‌కిస్. లవ్‌డే వీధి, మా ముత్తాత. ఆయనవి ఒక్కటీ తిరిగి రాలేదు."

ఫోన్ పెట్టేసి మెట్ల మీద కూర్చుంది. కూర్చుని ఏడ్చింది. దుఃఖం కాదు. ఛాతీ పట్టనంత గర్వం. నాన్న బతికుంటే బాగుండునని ఒక్కసారి అనిపించింది, అంతే. తర్వాత లేచి కోటు వేసుకుంది.

ఆ గొట్టాలకు రంగు ఎక్కించడం ఆల్ఫ్ పని. వేసవంతా స్నానాల గదిని ఆక్రమించాడు. తడి ఆవిరిలో గొట్టాలను వేలాడదీసి తుప్పు పట్టించడం, పొడుగు తొట్టెలో ఉడికించడం, మెత్తని బ్రష్షుతో గీకడం, మళ్ళీ మొదలు. ఇరుగుపొరుగు వాళ్ళింటికెళ్ళి స్నానం చేసి రావాల్సొచ్చింది ఇద్దరూ. ఏడోసారికి పురి తేలడం మొదలైంది. పదకొండోసారికి గొట్టం ఈ చివరనుంచి ఆ చివరదాకా సన్నని సుడులు సుడులుగా, ఇనుము నల్లగా, ఉక్కు తెల్లగా, ఎక్కడా ఒక్క సుడి తప్పకుండా పైకి వచ్చేసింది. ఆల్ఫ్ దాన్ని కిటికీ దగ్గరికి తెచ్చి చాలాసేపు చూశాడు.

"ఈయన నాకు మామగారి తాత అయినందుకు సిగ్గుగా ఉంది," అన్నాడు. "నేను ఇనుప పీచు పట్టుకున్న చేతులతో ఇంకా బతికున్నానే!"

"ఇప్పుడు తెలిసిందా పదకొండు రోజులు ఎందుకో?" అంది ఓలివ్.

సెప్టెంబరులో పొలం దగ్గర నలభై మందికి పైగా చేరారు. ఎండ బాగా కాసింది. ఓలివ్ తుపాకీ భుజాన వేసుకుని సరాసరి ఫాన్‌షా దగ్గరికి వెళ్ళి, ముందు చెక్క ఊడదీసి, గొట్టాలను వెల్లకిలా తిప్పి ఆయన చేతుల్లో పెట్టింది. భూతద్దం కూడా ఇచ్చింది. కొత్త పరీక్ష ముద్ర, దాని పక్కనే జె, అడ్డగీత, హెచ్. ఫాన్‌షా చాలాసేపు చూశాడు. తర్వాత గొట్టాలను ఇటు తిప్పి పురిని చూశాడు. వేలితో ఆ మచ్చ తడిమాడు.

"చాలా బాగున్నాయి," అన్నాడు. అంతే. తిరిగి ఇచ్చేసి బాకా పట్టుకుని తన చోటికి వెళ్ళిపోయాడు.

"ఏమన్నాడు?" అన్నాడు ఆల్ఫ్ ఆత్రంగా.

"బాగున్నాయన్నాడు."

"చదువుతానన్నాడా?"

"అనలేదు."

"పాము చెవులవాడు," అని గొణుక్కున్నాడు ఆల్ఫ్. ఆ తిట్టుకు అర్థం ఆయనకే తెలియాలి.

ఫాన్‌షా మొదట తన ఒకటో నంబరుతో తనే దిగాడు. బాకా రైతుకిచ్చి, 'పెట్టిఫర్ అండ్ సన్స్, లండన్' అని చదివించుకుని, రెండు పిట్టల్లో ఒకటి కొట్టాడు. మళ్ళీ బాకా అందుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు వెళ్తున్నారు. లండన్ పేర్లు కొండల మీదుగా వెళ్ళి తిరిగొస్తున్నాయి. ఓలివ్ వంతు వచ్చింది. తూటాలు వేసుకుని, గొట్టాలు మూసి, పిలుపు కోసం నిలబడింది. బాకా ఫాన్‌షా నోటి దగ్గర ఉంది, కానీ శబ్దం రావడం లేదు. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అది మాత్రం ఆచారంలో లేదు.

"జాబెజ్ హిప్‌కిస్," అని అరిచాడు. "బర్మింగ్‌హామ్. పద్దెనిమిది వందల డెబ్భై నాలుగు!"

"ఎవరండీ అది?" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"నోరు మూసుకుని చూడవయ్యా!" అన్నాడు ఆల్ఫ్.

కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని గురి కుదురుతుందా అంటే, కుదిరింది. ఓలివ్ బొటనవేలితో రెండు గుర్రాలనూ ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి లాగింది. రెండు టక్కులూ స్పష్టంగా వినపడ్డాయి. పిట్టలు ఎగిరాయి. కుడి గొట్టం పేలింది, మొదటిది పొడి అయింది. ఎడమ గొట్టం, ఆ మచ్చ గొట్టం, పేలింది. రెండోది కూడా పొడి అయింది. ఇప్పటి మందు కాబట్టి పొగ లేదు. ఎండలో గొట్టాల సుడులు నలభై మందికీ కనిపించాయి.

భోజనాల దగ్గర తుపాకీ చేతులు మారింది. ఫాన్‌షా దాన్ని ఎలా తిప్పి చూడాలో పక్కవాళ్ళకు తనే చూపించాడు. ఆ తర్వాత తన ఒకటో నంబరు తెచ్చి పైలూ పచ్చళ్ళూ ఉన్న బల్ల మీద పెట్టి, మరలు విప్పి, పక్క పలకను ఊడదీశాడు. గొట్టాలు ఎప్పుడో పోయాయి. గుర్రాలు మాత్రం పాతవే. పలక లోపలి వైపు రెండక్షరాలున్నాయి. ఇన్నేళ్ళలో చూసే ఉంటాడు. చదవడం ఇదే మొదలు.

"మిసెస్ టాంక్స్," అన్నాడు, కొంచెం మొహమాటంగా. "ఎస్, పి. ఎవరై ఉంటారు?"

ఓలివ్ సంచీలోంచి నల్ల అట్ట పుస్తకం తీసి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పింది. "శామ్యూల్ ప్రీస్. గుర్రాలు చేసేవాడు. మా జాబెజ్ పక్క గుమ్మమే. ఎడమచేతివాటం. ఆదివారాలు చర్చిలో బాకా ఊదేవాడట."

"బాకానా!" అన్నాడు ఫాన్‌షా.

ఆయన పక్కనున్న పశువుల డాక్టరు పళ్ళెం పక్కకు జరిపి తన తుపాకీ వెల్లకిలా తిప్పాడు. "నాది చూడమ్మా, టి, బి." అవతలి బల్ల మీద ఇంకొకరు చెక్క ఊడదీస్తున్నారు. ఇంకొకరు కళ్ళజోడు లేదని పక్కవాణ్ణి బతిమాలుతున్నారు. కాసేపట్లో ఆ బల్లలన్నింటి మీదా తుపాకులు వెల్లకిలా పడున్నాయి. తాతల కాలంనుంచి కాలుస్తున్న తుపాకుల కింద ఎవరెవరి పేర్లున్నాయో తెలుసుకోవాలని నలభై మంది ఓలివ్ ముందు వరస కట్టారు. ఆవిడ ఒక్కొక్కరికీ చెప్పింది. థామస్ బేట్స్, మూడో గుమ్మం. ఆమోస్ విట్‌లీ, ఒంటి కన్ను. ఎలైజా గాఫ్, తాగినప్పుడే బాగా చెక్కేవాడు. పుస్తకంలో దొరకని గుర్తులను పెన్సిలుతో రాసుకుంది.

రెండో విడత పోటీ గంట ఆలస్యంగా మొదలైంది. ఫాన్‌షా ఓలివ్ చెప్పిన పేర్లు రాసుకున్న కాగితం ముక్క చూసుకుంటూ బాకాలో చదివాడు. ఆ మధ్యాహ్నమంతా లండన్ పేరు ఒక్కటీ వినిపించలేదు.